మనాలి - లేహ్ రహదారి ప్రయాణం

మనాలి - లేహ్ రహదారి హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రంలోని మనాలి పట్టణాన్ని, లడఖ్ కేంద్రపాలిత ప్రాంతంలోని లేహ్ పట్టణంతో కలిపే పర్వత రహదారి. ఇది 3వ నెంబరు జాతీయ రహదారిలో భాగము. అటల్ సొరంగం మీదుగా దీని పొడవు సుమారు 430 కిలోమీటర్లు. పీర్ పంజాల్, ప్రధాన హిమాలయ, జన్‌స్కార్ పర్వత శ్రేణులను దాటుకుంటూ సాగే ఈ దారిలో నాలుగు ఎత్తైన కనుమలు ఉన్నవి. వీటిలో అన్నిటికంటే ఎత్తైన తంగ్లంగ్ లా సముద్రమట్టానికి 5,328 మీటర్ల ఎత్తున ఉన్నది. మంచు కారణంగా సంవత్సరంలో దాదాపు సగం కాలం ఈ దారి మూసివేయబడి ఉంటుంది.

ప్రకృతి దృశ్యాల కొరకు సొంత వాహనాలలో ఈ దారిన వెళ్ళే యాత్రికులు ప్రతి వేసవిలోనూ వేల సంఖ్యలో ఉంటారు. మైదాన ప్రాంతాలలో ప్రయాణానికి ప్రణాళిక వేసేటప్పుడు ఒక రోజులో ఎంత దూరం వెళ్ళగలమో లెక్క చూసుకొంటే సరిపోతుంది. ఈ దారిలో మాత్రం ప్రతి రాత్రీ ఎంత ఎత్తున నిద్రించవలసి వస్తుందో అది ముఖ్యమైన లెక్క. ఈ ఒక్క విషయాన్ని విస్మరించుట వలననే ఈ దారిలో ఎక్కువ మంది అస్వస్థతకు లోనవుతారు. మజిలీలను ఎలా నిర్ణయించుకోవాలి, దానికి కారణాలేమిటి, వాహనానికి, ఇంధనానికి సంబంధించిన జాగ్రత్తలేమిటి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పేర్లు

టిబెటన్, లడఖీ భాషలలో "లా" అనగా కనుమ, "త్సో" అనగా సరస్సు. కనుక తంగ్లంగ్ లా అంటే తంగ్లంగ్ కనుమ అని అర్థం. రోహ్‌తాంగ్ అనే పేరుకు శవాలు పడి ఉన్న మైదానం అని అర్థం చెబుతారు. పూర్వం ఆ కనుమను దాటుతూ మంచు తుపానులలో చిక్కి మరణించిన బాటసారుల వలన ఈ పేరు వచ్చిందని ప్రతీతి. బారాలాచా లా శిఖరభాగంలో లాహౌల్, స్పితి, జన్‌స్కార్, లడఖ్ ప్రాంతాల నుండి వచ్చే పాత కాలిబాటలు కలుస్తాయి.

చరిత్ర

కులూ లోయకు, లడఖ్‌కు మధ్య వర్తకులు, గొర్రెల కాపరులు తరతరాలుగా ఈ కనుమల మీదుగానే రాకపోకలు సాగించారు. మోటారు వాహనాలు నడవగల రహదారి ఏర్పడినది స్వాతంత్ర్యం తరువాతనే. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ ఈ దారిని నిర్వహిస్తున్నది. హిమాచల్ వైపు భాగాన్ని ఆ సంస్థకు చెందిన దీపక్ ప్రాజెక్టు, లడఖ్ వైపు భాగాన్ని 1985లో ప్రారంభమైన హిమాంక్ ప్రాజెక్టు చూస్తున్నాయి. 1999 కార్గిల్ యుద్ధ సమయంలో శ్రీనగర్ - లేహ్ రహదారి శత్రువుల ఫిరంగి కాల్పులకు గురి కావడంతో, మనాలి వైపు దారికి సైనికంగా ప్రాముఖ్యం పెరిగింది.

2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభమైనది. 9.02 కిలోమీటర్ల పొడవు గల ఈ సొరంగం రోహ్‌తాంగ్ కనుమ క్రింది నుండి లాహౌల్ లోయలోకి చేరుతుంది. దీనివలన మనాలి - లేహ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గింది. సొరంగానికి ముందు చలికాలంలో నెలల తరబడి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయే లాహౌల్ లోయకు ఇప్పుడు సంవత్సరంలో అధికభాగం రాకపోకలు సాధ్యమవుతున్నాయి. అయితే సొరంగం తప్పించినది రోహ్‌తాంగ్‌ను మాత్రమే. ఆ తరువాత వచ్చే నాలుగు కనుమలను దాటక తప్పదు.

దారి స్వరూపం

మనాలి పట్టణం బియాస్ నది ఒడ్డున సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్నది. తూర్పు కనుమలలో ఎత్తైనదిగా చెప్పబడే అర్మ కొండ ఎత్తు 1,680 మీటర్లు. అనగా తెలుగునాట ఉన్న ఏ కొండ శిఖరం కంటెను ఈ ప్రయాణం మొదలయ్యే ఊరే ఎత్తైనది.

సొరంగం ఉత్తర ద్వారం దాటగానే పచ్చని దేవదారు అడవులు అదృశ్యమై, చంద్రా నది లోయ కనిపిస్తుంది. తాండి వద్ద చంద్రా, భాగా నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. ఇదే తరువాత చీనాబ్ నదిగా పిలువబడుతుంది. ఇక్కడి నుండి రహదారి భాగా నది వెంట పైకి సాగుతుంది. మనాలి నుండి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో లాహౌల్ స్పితి జిల్లా కేంద్రమైన కేలాంగ్ ఉన్నది. ఆ తరువాత జిస్పా, దార్చా గ్రామాలు వస్తాయి. దార్చా వద్ద పోలీసులు వాహనాల వివరాలను నమోదు చేసుకొంటారు. దార్చా దాటిన తరువాత రుమ్‌త్సే గ్రామం వచ్చే వరకు, అనగా 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, సంవత్సరమంతా జనం నివసించే ఊరు ఒక్కటి కూడా లేదు. మధ్యలో కనిపించే సర్చూ, పాంగ్ వంటివి వేసవిలో మాత్రమే వెలిసే గుడారాల మజిలీలు, సైనిక శిబిరాలు.

దార్చా నుండి జింగ్‌జింగ్‌బార్, భాగా నది జన్మస్థానమైన సూరజ్ తాల్ సరస్సు మీదుగా బారాలాచా లా చేరుకొంటారు. అవతల విశాలమైన సర్చూ మైదానం ఉన్నది. హిమాచల్, లడఖ్‌ల సరిహద్దు ఇక్కడే. సర్చూ దాటిన తరువాత గాటా లూప్స్ అనబడే 21 హెయిర్‌పిన్ మలుపులు వస్తాయి. వాటి తరువాత నకీ లా, లాచుంగ్ లా కనుమలు, పిమ్మట పాంగ్ మజిలీ. పాంగ్ నుండి సుమారు 40 కిలోమీటర్ల పాటు మోరే మైదానం దాదాపు చదునుగా సాగుతుంది. చివరిదైన తంగ్లంగ్ లా దిగిన తరువాత రుమ్‌త్సే, గ్యా, మిరు గ్రామాల మీదుగా ఉప్షి వద్ద సింధు నది కనిపిస్తుంది. అక్కడి నుండి కారు, థిక్సే, షే గ్రామాల మీదుగా లేహ్‌కు సుమారు 50 కిలోమీటర్లు.

ఎత్తుల పట్టిక

మనాలి నుండి లేహ్ వైపు వెళ్ళునప్పుడు వచ్చే ముఖ్య స్థలాల ఎత్తులు ఈ క్రింది విధంగా ఉన్నవి. ఇవి సుమారు విలువలు. రోడ్డు ప్రక్కన బోర్డులపై కనిపించే అంకెలు కొన్ని చోట్ల వీటికి భిన్నంగా ఉంటాయి.

- మనాలి - 2,050 మీటర్లు
- కేలాంగ్ - 3,100 మీటర్లు
- జిస్పా - 3,200 మీటర్లు
- బారాలాచా లా - 4,890 మీటర్లు
- సర్చూ - 4,290 మీటర్లు
- నకీ లా - 4,740 మీటర్లు
- లాచుంగ్ లా - 5,060 మీటర్లు
- పాంగ్ - 4,600 మీటర్లు
- తంగ్లంగ్ లా - 5,328 మీటర్లు
- లేహ్ - 3,500 మీటర్లు

తంగ్లంగ్ లా వద్ద ఒకప్పుడు ఇది ప్రపంచంలో రెండవ ఎత్తైన మోటారు రహదారి కనుమ అని తెలిపే బోర్డు ఉండేది. లడఖ్‌లోనే ఉమ్లింగ్ లా మీదుగా 5,798 మీటర్ల ఎత్తున నిర్మించిన రహదారి వంటివి వచ్చిన తరువాత ఈ మాట చెల్లదు.

శరీరంపై ఎత్తు ప్రభావం

గాలిలో ఆక్సిజన్ పాలు ఎంత ఎత్తుకు వెళ్ళినా సుమారు 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. లేహ్‌లో గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. తంగ్లంగ్ లా వద్ద అది సగం కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. అందువలన ప్రతి శ్వాసతోనూ లోపలికి వెళ్ళే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు కాని, అందుకు రోజులు పడుతుంది. వయసు, వ్యాయామం, దేహదారుఢ్యం వలన ఈ గడువు తగ్గదు. మంచి క్రీడాకారులు సైతం తొందరపడి ఎక్కితే జబ్బు పడతారు.

తొందరగా ఎత్తుకు చేరినవారిలో సాధారణంగా ఆరు నుండి పన్నెండు గంటల తరువాత తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవుట, నీరసం, తల తిరుగుట, నిద్ర పట్టకపోవుట వంటి లక్షణాలు కనిపిస్తాయి. దీనిని తీవ్ర పర్వత అస్వస్థత అంటారు. ఈ వ్యవధి వలన ఒక మోసం ఉన్నది. కనుమపై ఫొటోలు తీసుకొనే సమయంలో ఉత్సాహంగా ఉన్నవారు, అదే రోజు రాత్రి గుడారంలో పడుకొన్న తరువాత బాధ పడతారు. కనుమపై అరగంట గడిపినంత మాత్రాన సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. ఎత్తైన చోట రాత్రంతా నిద్రించుట అసలు పరీక్ష. నిద్రలో శ్వాస మందగించి, రక్తంలో ఆక్సిజన్ ఇంకా తగ్గిపోవుట ఇందుకు కారణం.

ఈ అస్వస్థత ముదిరితే రెండు ప్రాణాంతక స్థితులు ఏర్పడవచ్చును. మొదటిది ఊపిరితిత్తులలో నీరు చేరుట. విశ్రాంతిగా కూర్చొన్నా ఆయాసం, దగ్గు, కొన్నిసార్లు గులాబీ రంగు నురగతో కూడిన కఫం దీని గుర్తులు. రెండవది మెదడు వాచుట. మాట తడబడుట, అయోమయం, తూలుతూ నడచుట దీని గుర్తులు. నేలపై గీచిన గీత వెంట మడమకు వ్రేళ్ళు ఆనించి నడవమంటే నడవలేని వ్యక్తికి ఈ స్థితి వచ్చినట్లు అనుమానించాలి. రెండింటికీ ముఖ్యమైన చికిత్స వెంటనే తక్కువ ఎత్తుకు దిగుట. ఆక్సిజన్ సిలిండరు, మందులు దిగుటకు కావలసిన వ్యవధిని ఇస్తాయే గాని, దిగుటకు ప్రత్యామ్నాయం కావు.

సర్చూ వద్ద చిక్కు

మనాలి నుండి లేహ్‌కు రెండు రోజుల ప్రయాణంలో దూరాన్ని సమంగా పంచితే మధ్య మజిలీ సర్చూ వద్దకు వస్తుంది. అందుచేత చాలాకాలంగా పర్యాటక బస్సులు, కార్లు సర్చూ లేదా పాంగ్ వద్ద రాత్రి బస చేయుట వాడుకగా ఉన్నది. దూరం లెక్కలో ఇది సబబుగానే కనిపిస్తుంది. ఎత్తు లెక్కలో మాత్రం ఇది ఒకే రోజులో 2,050 మీటర్ల నుండి 4,290 మీటర్లకు పడకను మార్చుట. 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రికి, మరుసటి రాత్రికి మధ్య నిద్రించే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదే ఎత్తున విశ్రాంతి తీసుకోవాలనీ పర్వత వైద్య నిపుణుల సూచన.

సర్చూలో అస్వస్థత కలిగితే మరొక చిక్కు ఎదురవుతుంది. సర్చూ, పాంగ్ రెండూ కనుమల మధ్య ఇరుక్కొని ఉన్న మజిలీలు. సర్చూ నుండి జిస్పా వైపు దిగాలంటే ముందుగా 600 మీటర్లు ఎక్కి బారాలాచా లా దాటాలి. ముందుకు వెళ్తే లాచుంగ్ లా, తంగ్లంగ్ లా ఉన్నవి. పాంగ్ నుండి ఎటు వెళ్ళినా 5,000 మీటర్లు దాటిన కనుమ అడ్డు వస్తుంది. అనగా ఇక్కడ దిగాలంటే ముందు ఎక్కాలి. జబ్బు ముదిరిన మనిషికి ఆ ఎక్కుడే అపాయం. రాత్రివేళ, మంచు పడుతున్నప్పుడు, దారి తెగినప్పుడు ఆ మార్గం కూడా ఉండదు. పాంగ్ వద్ద సైనిక శిబిరంలో వైద్య సహాయం అందిన సందర్భాలు ఎన్నో ఉన్నప్పటికీ, దానిని నమ్ముకొని ప్రయాణం నిర్ణయించుకొనుట వివేకం కాదు.

గాటా లూప్స్ వద్ద ఒక చిన్న గుడి వంటి కట్టడం ముందు నీళ్ళ సీసాలు కుప్పగా పడి ఉంటాయి. లారీ చెడిపోగా డ్రైవరు సహాయం కొరకు వెళ్ళాడనీ, జబ్బుపడి లారీలోనే ఉండిపోయిన క్లీనరు మంచు వలన దారి మూసుకుపోయి చలికి, దాహానికి మరణించాడనీ ఈ దారిన తిరిగే డ్రైవర్లు చెప్పుకొంటారు. ఆ క్లీనరు ఆత్మ నీళ్ళు అడుగుతుందని నమ్మి బాటసారులు సీసాలు ఉంచి వెళ్తారు. ఈ కథలో నిజమెంత ఉన్నా, ఈ దారిలో మనిషికి ఎదురయ్యే అపాయం ఏమిటో ఇది సరిగానే చెబుతున్నది.

మజిలీల నిర్ణయం

పై విషయాలను బట్టి సర్చూ, పాంగ్‌లలో అలవాటు పడని శరీరంతో నిద్రించకుండా ప్రయాణాన్ని అమర్చుకొనుట ఉత్తమం. ఇందుకు రెండు పద్ధతులు ఉన్నవి.

మొదటి పద్ధతి: శ్రీనగర్ వైపు నుండి వెళ్ళి మనాలి వైపు దిగుట

శ్రీనగర్ - లేహ్ రహదారిలో ఎత్తు క్రమంగా పెరుగుతుంది. శ్రీనగర్ నుండి సోనమార్గ్ మీదుగా 3,528 మీటర్ల జోజి లా దాటి, 2,676 మీటర్ల ఎత్తున ఉన్న కార్గిల్‌లో బస చేయవచ్చును. మరునాడు ఆ దారిలో అన్నిటికంటే ఎత్తైన 4,108 మీటర్ల ఫోటు లా దాటి, లామయూరు బౌద్ధారామం చూసి, సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్చి గ్రామంలో బస చేస్తే, మూడవ రోజు లేహ్ చేరుకోవచ్చును. పగలు ఎత్తైన కనుమను దాటి రాత్రికి తక్కువ ఎత్తుకు దిగుట ఈ దారిలో సహజంగానే జరుగుతుంది. లేహ్‌లో మూడు నాలుగు రోజులు గడిపిన తరువాత శరీరం చాలావరకు అలవాటు పడుతుంది. అప్పుడు మనాలి వైపు బయలుదేరితే సర్చూలో ఒక రాత్రి గడపవలసి వచ్చినా అపాయం తక్కువ. మొదటిసారి వెళ్ళేవారికి, పిల్లలు, పెద్దలతో వెళ్ళేవారికి ఇది మేలైన పద్ధతి.

రెండవ పద్ధతి: మనాలి వైపు నుండే వెళ్ళుట

మనాలిలో రెండు రాత్రులు, జిస్పా లేదా కేలాంగ్‌లో రెండు రాత్రులు గడపాలి. మధ్య రోజున దీపక్ తాల్ వరకో, ఇంకా పైకో వెళ్ళి తిరిగి క్రిందికి వచ్చి నిద్రిస్తే శరీరం అలవాటు పడుటకు సహాయపడుతుంది. ఆ తరువాతి రోజు తెల్లవారుజామున బయలుదేరి, నాలుగు కనుమలను ఒకే పగటిలో దాటి రాత్రికి లేహ్ చేరాలి. జిస్పా నుండి లేహ్‌కు సుమారు 340 కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే పన్నెండు గంటలకు పైగా పడుతుంది. ఇది అలసట కలిగించే రోజు. ఇద్దరు డ్రైవర్లు ఉండుట అవసరం. అయినప్పటికీ పడక ఎత్తు 3,200 నుండి 3,500 మీటర్లకు మాత్రమే మారుతుంది కనుక శరీరానికి ఇది సర్చూ బస కంటే మేలు. మధ్యాహ్నానికి పాంగ్ చేరలేని పరిస్థితి ఉంటే ముందుకు వెళ్ళుటకు బదులు, దారి తెరచి ఉండగానే వెనుకకు మరలి జిస్పా చేరుట మంచిది.

ఏ పద్ధతిలోనైనా, జిస్పాలో లేదా ఆల్చిలో తలనొప్పి, వాంతులతో నిద్ర లేచినవారు ఆ రోజు పైకి వెళ్ళరాదు. అదే ఎత్తున మరొక రోజు ఉండి, తగ్గిన తరువాతనే కదలాలి. తగ్గకపోతే దిగిపోవాలి. ఇందుకోసం ప్రణాళికలో కనీసం రెండు ఖాళీ రోజులు ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణపు రైలు, విమానం టిక్కెట్లు గట్టిగా ముడిపడి ఉన్నవారే జబ్బును దాచిపెట్టి ముందుకు వెళ్తారు. హైదరాబాదు నుండి రోడ్డు దారిన మనాలికి సుమారు 2,100 కిలోమీటర్లు. అంత దూరం సొంత కారులో వచ్చినవారు అలసటతోనే ఎక్కుట ప్రారంభించకుండా మనాలిలో విశ్రాంతి తీసుకొనుట అవసరం.

అసిటజోలమైడ్ అనే మందు శరీరం అలవాటు పడుటను త్వరితం చేస్తుంది. దీనిని డయామాక్స్ అనే పేరుతో అమ్ముతారు. నివారణ కొరకు పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కుటకు ముందురోజు నుండి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులు ఉన్నవారు ప్రయాణానికి ముందే వైద్యుని సంప్రదించాలి. మొదటి రోజులలో మద్యం, నిద్రమాత్రలు మానివేయాలి.

అనుకూల కాలం

సాధారణంగా ఈ రహదారి మే లేదా జూన్ నుండి అక్టోబరు వరకు, కొన్ని సంవత్సరాలలో నవంబరు వరకు తెరచి ఉంటుంది. తెరచిన తేదీ ప్రతి సంవత్సరం మారుతుంది. తెరచిన మొదటి వారాలలో కనుమల వద్ద మంచుగోడల నడుమ ఒక వరుస వాహనాలకు మాత్రమే చోటు ఉంటుంది. జూలై, ఆగస్టు నెలలలో మనాలి వైపు ఋతుపవనాల వర్షాలకు కొండచరియలు విరిగిపడతాయి. బారాలాచా లా అవతలి ప్రాంతం వర్షచ్ఛాయలో ఉండుటవలన అక్కడ వాన తక్కువ. సెప్టెంబరు నెలలో ఆకాశం నిర్మలంగా, వాగులలో నీరు తక్కువగా ఉంటుంది. అయితే రాత్రులు చాలా చల్లగా ఉంటాయి.

అనుకూల కాలంలో కూడా ఆటంకాలు రావని చెప్పలేము. 2010 ఆగస్టు మొదటి వారంలో లేహ్ ప్రాంతంలో కుంభవృష్టి, వరదల వలన అపార ప్రాణనష్టం జరిగి, రహదారులు తెగిపోయాయి. 2018 సెప్టెంబరు చివరలో అకాలంగా కురిసిన మంచుకు లాహౌల్‌లో వందల మంది చిక్కుకొన్నారు. 2023 జూలైలో బియాస్ నది వరదలకు కులూ, మనాలి రహదారి కొట్టుకుపోగా, లాహౌల్ స్పితిలోని చంద్రతాల్ వద్ద మంచులో చిక్కిన సుమారు 300 మంది యాత్రికులను రక్షించి తీసుకురావలసి వచ్చింది. ఆహారం, త్రాగునీరు, వెచ్చని దుప్పట్లు ఒక రాత్రికి సరిపడా కారులో ఉంచుకొనుట ఇందువలననే అవసరం.

రోజులో సమయం కూడా ముఖ్యమైనదే. ఈ దారిలో కొన్ని చోట్ల వాగులు రహదారి మీదుగానే ప్రవహిస్తాయి. హిమానీనదాల మంచు ఎండకు కరుగుటవలన మధ్యాహ్నానికి వీటిలో నీరు పెరుగుతుంది. ఉదయం మోకాలి లోతు కూడా లేని వాగు సాయంత్రానికి కారును ఆపివేయగలదు. రాత్రి చలికి కరుగుట ఆగి, తెల్లవారుసరికి మరల తగ్గుతుంది. తెల్లవారుజామున బయలుదేరుటకు ఇది ఒక ప్రధాన కారణం.

వాహనం

గాలి పలుచబడినప్పుడు మనిషితో పాటు ఇంజను కూడా బలహీనపడుతుంది. టర్బో లేని ఇంజను శక్తి ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం చొప్పున తగ్గుతుంది. తంగ్లంగ్ లా చేరునప్పటికి దాదాపు సగం శక్తి మాత్రమే మిగులుతుంది. టర్బో ఉన్న ఇంజనులలో ఈ నష్టం తక్కువ. చిన్న కారులో ఐదుగురు మనుషులు, పైకప్పు మీద సామానుతో ఎక్కుట కష్టం. ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. లేహ్‌లో అది సుమారు 88 డిగ్రీల సెల్సియస్. కుక్కరు లేకుండా అన్నం సరిగా ఉడకకపోవుటకు కారణం ఇదే. రేడియేటరు మూత, గొట్టాలు గట్టిగా ఉన్నవో లేదో బయలుదేరే ముందు చూపించుకోవాలి.

దిగునప్పుడు బ్రేకుపై అదే పనిగా కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగవలెనన్నది పర్వత దారుల పాత నియమం. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో దిగుట ప్రమాదకరం. బయలుదేరేముందు బ్రేకులు, క్లచ్, బ్యాటరీ, నాలుగు టైర్లతో పాటు స్టెప్నీని కూడా పరీక్షించాలి. గాలి నింపే పంపు, పంక్చరు సామగ్రి, లాగుటకు తాడు, టార్చిలైటు వెంట ఉండాలి. దార్చా తరువాత ఉప్షి వచ్చే వరకు మెకానికు దొరుకుట కష్టం.

ఇంధనం

తాండి వద్ద ఉన్న పెట్రోలు బంకు ఈ దారిలో ప్రసిద్ధమైనది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని తెలిపే అక్కడి బోర్డు ముందు యాత్రికులు ఫొటోలు తీసుకొనుట ఆనవాయితీ. లేహ్‌కు 35 కిలోమీటర్ల ఇవతల కారు గ్రామంలో కూడా బంకు ఉన్నది. తాండి, కేలాంగ్ ప్రాంతంలో ట్యాంకు పూర్తిగా నింపుకొని, కారు చేరే వరకు మధ్యలో ఇంధనం దొరకదన్న లెక్కతోనే వెళ్ళాలి. కొండ ఎక్కుటలో మామూలు కంటే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది. మధ్యలో వెనుకకు మరలవలసి రావచ్చును. కనుక మామూలు లెక్కకు కనీసం మూడవ వంతు అదనంగా ఉంచుకొనుట మంచిది. చిన్న ట్యాంకు గల మోటారు సైకిళ్ళవారికి ఇది మరింత ముఖ్యం.

దారి నియమాలు

ఇరుకైన చోట ఎక్కే వాహనానికి దిగే వాహనం ఆగి దారి ఇవ్వాలన్నది భారతదేశపు రహదారి నియమాలలో ఉన్నది. ఎక్కే వాహనం ఒకసారి ఆగితే మరల కదలుట కష్టం కనుక ఈ నియమం ఏర్పడింది. మలుపుల వద్ద హారన్ మోగించాలి. సైనిక వాహనాల వరుస వచ్చునప్పుడు వెడల్పైన చోట ప్రక్కకు ఆగి, వరుస పూర్తిగా వెళ్ళిన తరువాత కదలాలి. వరుస మధ్యలోకి దూరరాదు. మోరే మైదానంలో రోడ్డు తిన్నగా ఉండుటవలన వేగం పెంచాలనిపిస్తుంది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు మనిషి నిర్ణయశక్తి మందగిస్తుంది. ఆ మందగింపు ఆ మనిషికే తెలియదు. కనుక డ్రైవరు ప్రతి రెండు గంటలకు మారుట, లేదా ఆగి నీరు త్రాగుట మంచిది.

అనుమతులు, సమాచారం

భారతీయ పౌరులు సొంత వాహనంలో అటల్ సొరంగం మీదుగా లేహ్ వెళ్ళుటకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. రోహ్‌తాంగ్ కనుమను చూడదలచినవారికి మాత్రం అనుమతి పత్రం కావాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను అనుసరించి అక్కడికి రోజూ వెళ్ళగల పర్యాటక వాహనాల సంఖ్యపై పరిమితి ఉన్నది. లేహ్ నుండి సరిహద్దు ప్రాంతాలకు వెళ్ళుటకు ఉన్న నిబంధనలు తరచు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు జిల్లా పాలనాయంత్రాంగం ప్రకటనలు చూడాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ మొబైల్ కనెక్షన్లు లడఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి. అది ఉన్నా దార్చా, రుమ్‌త్సేల మధ్య అధికభాగంలో సంకేతం అందదు. కనుక ఏ రోజు ఎక్కడ బస చేస్తారో, ఎప్పటిలోగా ఫోను చేస్తారో ఇంటివారికి ముందుగా తెలిపి వెళ్ళాలి.

దార్చా నుండి షింకు లా, పదుం మీదుగా నిమ్ము చేరే మరొక రహదారి 2024 మార్చిలో అనుసంధానమైనది. ఈ దారిలో 5,000 మీటర్లు దాటిన కనుమ ఒక్కటే ఉన్నది. షింకు లా క్రింద 4.1 కిలోమీటర్ల సొరంగం పనులు 2024 జూలై 26న ప్రారంభమైనవి. ఇది పూర్తయిన తరువాత లేహ్‌కు అన్ని కాలాలలోనూ వెళ్ళగల దారి ఏర్పడగలదని భావిస్తున్నారు.

పర్యావరణం

ఈ ప్రాంతం శీతల ఎడారి. పారవేసిన చెత్త చలికి, పొడి గాలికి కుళ్ళక ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. గాటా లూప్స్ వద్ద సీసాల కుప్ప ఇందుకు ఉదాహరణ. మోరే మైదానం చాంగ్‌పా అనే సంచార పశుపాలకుల మేత భూమి. పెళుసైన అక్కడి నేలపై కారు చక్రాలు పడిన చోట గడ్డి తిరిగి మొలకెత్తుటకు ఎన్నో ఏళ్ళు పడుతుంది. కనుక వాహనాలను రహదారి దింపి మైదానంలో నడపరాదు. తెచ్చిన చెత్తను లేహ్ వరకో, మనాలి వరకో తిరిగి తీసుకొని వెళ్ళాలి.